ముప్పయ్యో తారీఖు సూది

9 జూన్ 1999
మా దవాఖానా కంప్యూటర్‌లో కుక్కకాటు పేషెంట్ల టేబుల్ మొదలుపెట్టాను. సూది వేయాల్సిన తారీఖుకి మొదట డేట్ కాలమ్ పెట్టాను. జూన్ నాలుగుకి 04-06 కొడితే ఏప్రిల్ ఆరు అని చూపించింది. మూడుసార్లు చూసి విసుగొచ్చి టెక్స్ట్ చేశాను. ఇప్పుడు ఏం కొడితే అదే ఉంటోంది. రాజేశ్వర్ డాక్టరుగారికి నచ్చింది.

23 జూన్
మోర్తాడ్‌లో ఒకే కుక్క ఇద్దరిని కరిచింది. నీలవ్వ బీడీలు చేస్తుంది, కుడిచేతి వేళ్లు చీలిపోయాయి. భూమేశ్వర్‌కు పిక్క మీద గాట్లు, రియాద్ వీసా వచ్చి ఉన్నాడు. ఇద్దరికీ మొదటి సూది అయింది. ఇంకా నాలుగు: 26, 30, జులై 7, జులై 23. మరిచిపోతే మనిషిని పంపుతామని నేనే చెప్పాను.

25 జూన్
ఆ కుక్క చచ్చిపోయిందట. పిచ్చిదే అయి ఉంటుంది.

1 జులై
సూది తారీఖు దాటినవాళ్ల లిస్టు కంప్యూటర్‌లో తీస్తే ఒక్క పేరూ లేదు. ఇలా రావడం ఇదే మొదలు. డాక్టరుగారు మెచ్చుకున్నారు.

6 జులై, పొద్దున 11
కార్డులు సర్దుతుంటే నీలవ్వది, భూమేశ్వర్‌ది కనబడ్డాయి. 26న వచ్చారు. 30 దగ్గర ఖాళీ. లిస్టు మళ్లీ తీశాను. ఎవరూ లేరు.

టెక్స్ట్ కదా, కంప్యూటర్ అందులో నెల చూడదు. మొదటి అంకెలు చూస్తుంది. ఈరోజు 06-07. దానికంటే 30-06 పెద్దది. దాని లెక్కలో ముప్పయ్యో తారీఖు ఇంకా రాలేదు. జూన్‌లో ఆ నెల తారీఖులే కొట్టాను, జులైవి ఒకటి నుంచే ఎక్కించాను కాబట్టి తప్పు బయటపడలేదు.

డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిట్టలేదు. "ముందు మనుషులను తోల్కరా లిదియా. కంప్యూటర్ తర్వాత" అన్నారు.

6 జులై, సాయంత్రం
బస్సులో మోర్తాడ్ పోయాను. నీలవ్వ ఎడమచేత్తో ఆకు కత్తిరిస్తోంది. "పుండు మానింది గద బిడ్డా. ఇంక సూది ఉంటే మీరే కబురు పంపుతరనుకున్న" అంది. పొద్దున్నే మొదటి బస్సుకు రమ్మన్నాను.

భూమేశ్వర్ భార్య కనకవ్వ గుమ్మంలోనే చెప్పింది. "నాలుగో తారీఖు ఇమానం ఎక్కిండమ్మా. ఏమైంది?"

ఒకటో తారీఖున లిస్టులో పేరు వచ్చి ఉంటే మనిషి ఊళ్లోనే దొరికేవాడు. అది ఆమెకూ చెప్పాను. ఆమె లోపలికి పోయి, రియాద్ కంపెనీ ఫోన్ నంబర్ ఉన్న చీటీ తెచ్చింది.

7 జులై
నీలవ్వ వచ్చింది. మూడో సూది పడింది. నాలుగోది వారానికి జరిపారు. ఎస్‌టీడీ బూత్ నుంచి డాక్టరుగారే రియాద్‌కి మాట్లాడారు. భూమేశ్వర్ సైట్ మీద ఉన్నాడట, చెప్తామన్నారు.

కాలమ్ డేట్‌కి మార్చాను. నూటపన్నెండు కార్డులు. నెలను పేరుతో కొట్టి, ఒక్కొక్కటీ స్క్రీన్ మీద చదివి దాటాను.

19 జులై
ఫోన్ రాలేదు. కనకవ్వ దవాఖానాకు వచ్చి, బెంచీ మీద కూర్చుని పోయింది.

23 జులై
నీలవ్వ సూదులు అయిపోయాయి. రియాద్ నుంచి ఏమీ లేదు.

12 ఆగస్టు
రియాద్ నుంచి సెలవు మీద వచ్చినాయన అక్కడి కాగితం తెచ్చాడు. భూమేశ్వర్ బాగున్నాడు. అక్కడి దవాఖానాలో మిగతా సూదులన్నీ వేశారు. కనకవ్వ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

కాగితం మీద సంవత్సరం 1420. వాళ్ల కేలండరట. అలాగే కొట్టి చూశాను. దాదాపు ఆరువందల ఏళ్ల కిందటి తారీఖైనా డేట్ కాలమ్ తీసుకుంది.

నేను చెరిపేశాను.