చిందీకి శాలువా

అత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు కండెలు చుట్టిన నాగావ్ కార్ఖానాలోనే పొద్దున సభ పెట్టారు. మగ్గాల కింద రాలే చిందీ నూలును మళ్లీ వాడి పర్యావరణాన్ని కాపాడుతున్నాడని సేఠ్‌కు శాలువా కప్పారు. బొంత కుట్టడానికి అదే చిందీ గుప్పెడు నువ్వు కొంగున ముడేసుకుంటే, గేటు దగ్గర నీ కొంగు విప్పించినవాడికి!

"మా దగ్గర పోగు గూడ వృథా పోదు" అన్నాడు మైకులో.

సాయంత్రం నేను పని దిగి ఇంటికొస్తుంటే, అదే గేటు దగ్గర నా కొంగూ విప్పమన్నారు. సేఠ్ అక్కడే ఉన్నాడు, ఇంకా శాలువాతోనే. ఒళ్లు మండిపోయింది.

"పోగు గూడ ఇడవనంటివి గద సేఠ్! మా అత్తమ్మ దగ్గి దగ్గి సచ్చింది. ఆమె ఛాతిల నిండిన నూలుదుమ్ము నీదే గద, అదెందుకు ఇడిసిపెట్టినవ్?" అన్నాను.

కొంగు విప్పలేదు అత్తమ్మా.