ఇన్స్‌బ్రుక్ ప్రయాణం, ఆషాఢం గోరింటాకు

జూన్ 29, ఆదివారం

ముందు అందరి ఆరోగ్యం. ఈ ఖతర్ హాస్పిటల్ డ్యూటీలో నిలబడి నిలబడి మా కూతురు విజయరాణికి వచ్చిన నడుం నొప్పి తగ్గిందా? అల్లుడు సురేందర్ దగ్గు? అడిగితే నవ్వుతాడు. జగిత్యాలలో మా ఆయన బీపీ గోళీ వేసుకున్నాడా? నాకైతే గుండె దడ.

ఆగస్టులో నాలుగు రోజులు ఆస్ట్రియా దేశంలో ఇన్స్‌బ్రుక్ అనే ఊరు చూసొద్దామంటున్నారు. చుట్టూ మంచుకొండలట, పాతకాలపు వీధులట. ఒక మేడకు బంగారు రేకుల కప్పు ఉందట. అంత బంగారం ఆరుబయట! కాపలా ఎవరు?

జులై 1, సాయంత్రం

కొండ మీదికి తీగకు వేలాడే డబ్బాలో వెళ్ళాలట. తీగ తెగితే? అల్లుడు వీడియో చూపిస్తే కళ్ళు మూసుకున్నాను. మా ఆయన ఫోన్‌లో, దుబాయ్‌కెల్లి ఇంకో దుబాయ్‌కి పోతవా, ఇగ ఇంటికి రావా అని ఎత్తిపొడిచాడు. ఆయనకు ఖతర్ అయినా దుబాయే, ఆస్ట్రియా అయినా దుబాయే.

నేను రానని చెప్పాను. విజయరాణి గయ్యిమంది. ఎములాడ, ధర్మపురి గుళ్ళు తప్ప ఏం జూసినవే అవ్వా, ఆరేండ్ల సంది నాకు లీవు దొరకలే, నువ్వు రాకుంటే నేనూ పోను అన్నది. కళ్ళు తుడుచుకుంటూ డ్యూటీకి వెళ్ళింది.

వస్తానని అల్లుడితో మెసేజ్ పెట్టించాను.

జులై 4, శుక్రవారం

పక్క విల్లా ఖమర్ సుల్తానా తమ గేటు దగ్గరి చెట్టు గోరింటాకు కోసిచ్చింది. విజయరాణికి డ్యూటీలో చేతులకు రంగు పనికిరాదట. ఆషాఢంలో ఆడపిల్ల వట్టి చేతులతో ఉంటే కీడు, అందులోనూ ప్రయాణం ముందు. దాని వంతు కూడా నేనే పెట్టుకున్నాను. పది వేళ్ళకూ టోపీల్లా, రెండుసార్లు. బాగా పండింది.

జులై 8

కొంప మునిగింది.

వీసా ఆఫీసులో వేలిముద్రల కోసం గాజు పలక మీద వేళ్ళు పెట్టమన్నారు. ఒక్క గీతా పడలేదు. తుడిచారు, నొక్కారు, మళ్ళీ పెట్టించారు. కౌంటర్‌లోని అమ్మాయి నా చేతులు చూసి, మెహందీ పోయాక రండి అమ్మాజీ అన్నది. అత్తమ్మా, మిషన్ గూడ ఆషాఢం పాటిస్తున్నట్టుంది అని అల్లుడు నవ్వాడు. విజయరాణి నవ్వలేదు.

తప్పించుకున్నానని సంతోషించాలి కదా. సంతోషం రాలేదు.

జులై 9

నిమ్మకాయ, ఉప్పు, గిన్నెల సబ్బు. వేళ్ళు మండుతున్నాయి, ఎరుపు పోలేదు. మీరిద్దరూ వెళ్ళిరండి, నేను ఖమర్ ఇంట్లో ఉంటాను అన్నాను. విజయరాణి, తోలు లేస్తే గీతలు అస్సలుకే రావు, ఇగ రుద్దకు అని కొబ్బరినూనె రాసింది. ఇంతగనం ఎందుకు పెట్టుకున్నవే అని అడిగింది. నీ వంతు కూడా అన్నాను. చాలాసేపు నా వేళ్ళు వదల్లేదు.

జులై 24

అమావాస్య. వద్దన్నా వినకుండా మళ్ళీ వీసా ఆఫీసుకు తీసుకెళ్ళారు. విజయరాణి నా మణికట్టు పట్టుకుని ఒక్కో వేలూ గాజు మీద ఆనించింది. పదీ పడ్డాయి.

ఇక వీసా ఇస్తారో, ఇవ్వరో.

ఆగస్టు 7

వచ్చింది. కిటికీ పక్క సీటు నాకే కావాలన్నాను. ఎందుకన్నానో తెలియదు. ప్రయాణం పద్నాలుగున, గురువారం పొద్దున.