వాకాడుకు రెండు బండ్లు

బుధవారం రాత్రి

పొద్దున టీవీ చూస్తూ నవ్వాను. ఎక్కడో సముద్రాల అవతలి యుద్ధానికి ఒక పెద్ద దేశం ముందు ఆయుధాలు పంపిందట, తర్వాత సలహాదారులనట, ఇప్పుడు సైన్యమే దిగుతోందట. "వీళ్లకెందుకంట ఆ గొడవ?" అన్నాను.

మరి తోటపల్లి గూడూరులో ఉండే నాకు దూరాన ఉన్న వాకాడు గొడవ ఎందుకు? అక్కడ నా బావమరిది శీనయ్య రొయ్యల గుంట పక్కనే చెంచయ్య గుంట. రోగం తగిలిన గుంట నీళ్లు కాలువలోకి వదిలేముందు చుట్టుపక్కల అందరికీ చెప్పడం మా రొయ్యల రైతుల్లో కట్టుబాటు. చెంచయ్య చెప్పలేదు. శీనయ్య తెలియక ఆ నీళ్లే తన గుంటలోకి తోడుకున్నాడు, రొయ్యలన్నీ చచ్చాయి. కొత్త నీళ్లు పెట్టుకోమని నీళ్లు తోడే నా ఇంజను పంపాను. పంతంకొద్దీ చెంచయ్య దాని పైపులు కోసేస్తే, కాపలాకు మా గుంటల దగ్గర పనిచేసే పోలయ్యను పంపాను. కొట్లాడమని పంపలేదు, దేవుడి సాక్షిగా.

సాయంత్రం శీనయ్య ఫోన్ చేశాడు. "బావా, చెంచయ్య మనుషులు పోలయ్య తల పగలగొట్టినారు. ఇప్పుడు కూడా నువ్వు రాకుంటే మనల్నెవురు లెక్కచేస్తారు?"

గంటలో సంగతి తెలిసి ఊళ్లో మనుషులు మా వాకిట్లో చేరారు. "వాకాడు పోవడానికి ఎన్ని బండ్లు కావాలన్నా?" అని అడిగారే గాని, ఎందుకని ఒక్కరూ అడగలేదు. రెండు చాలన్నాను.

అడిగింది పోలయ్య భార్య ఒక్కతే. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "వాళ్ల గొడవకి మా ఆయన్నెందుకు పంపినావన్నా?" అంది.

డీజిల్ పోయించిన బండ్లు రెండూ బయట నిలబడి ఉన్నాయి. తెల్లారితే బయలుదేరాలి. వద్దని చెప్పగలిగింది నేనొక్కణ్ణే. ఫోన్ చేతిలోనే ఉంది. ఇంకా ఎవరికీ చెయ్యలేదు.