ఆఖరి పేజీలు లేని బొమ్మల కథ

అమ్మకి,

ప్రెస్సులో ప్రమాదం జరిగిందని విని ఉంటావు. నా రెండు చేతులూ బాగున్నాయి, బెంగపడకు. మిషనులో చెయ్యి నలిగింది కాగితం కోసే తాతకి.

ఏడాదిగా కరపత్రాలు తప్ప మరొకటి ముట్టలేదు, లోకం మారడానికి అవే చాలనుకున్నాను. ఆసుపత్రిలో తాతకి కార్మికుల హక్కుల గురించి చదవబోతే, "చెయ్యి సలుపుతుంటే ఈ ఉపన్యాసమేంట్రా! ఏదన్నా కథ చదివి చావు," అని అటు తిరిగి పడుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా పక్క మంచం వాళ్ళనడిగి బొమ్మల కథ తెచ్చి చదివాను. చదువు రాని తాత బాగున్న చేతి వేలితో బొమ్మలు తడుముతూ విన్నాడు. కథలో ఒక పిల్ల ఎక్కిన పడవ మునిగాక ఆఖరి పేజీలు లేవు. "ఆ పిల్ల ఒడ్డు చేరిందా?" అని రోజూ అడుగుతున్నాడు. వచ్చే వారం ఆ చెయ్యి తీసేస్తారట.

అమ్మా, చెత్త చదువుతోందని నిరుడు నేను చెల్లి చేతిలోంచి లాక్కుని చింపింది ఈ కథనే. దానికది కంఠతా వచ్చు.

నాన్నకి దగ్గు తగ్గిందా? అటక మీది బొమ్మల పుస్తకాలు తూకానికి వెయ్యమన్నాను, వెయ్యకు.

చివర ఏమైందో చెల్లిని తిరుగు టపాలో రాయమను. నాతో మాట్లాడకపోతే మానె, కార్డు తాత పేరున రాయమను. చదివి వినిపిస్తాను.

నీ పెద్దాడు