పదకొండు జ్వరాల తర్వాత

గౌరవనీయులైన తెలుగు సార్ గారికి,

ఈ ఏడాది నేనిచ్చిన పదకొండు సెలవు చీటీల్లోనూ జ్వరమనే రాశాను. మీరు బోర్డు మీద నేర్పిన చీటీలో జ్వరమే ఉంది కదా సార్. అన్నింటి మీదా సంతకం పెట్టారు గానీ, మందు వేసుకున్నావా అని ఒక్కసారీ అడగలేదు.

నిజానికి అమ్మ వాకాడు పొలాల్లో నాట్లకు పోయిన రోజల్లా ఇంట్లో చెల్లిని నేనే చూసుకోవాలి. రేపూ నాట్లున్నాయి. "జొరమని రాసెయ్ మే" అంటోంది అమ్మ. నాకు రాయబుద్ధి కాలేదు. ఈ చీటీ బోర్డు చూడకుండా రాస్తున్నాను.

చెల్లిని బడికి తీసుకురానిస్తే నాకు సెలవే అక్కర్లేదు. అది ఏడవదు సార్. చాక్‌పీసులు కనిపిస్తే మాత్రం తినేస్తుంది.

ఇట్లు,
ఒంట్లో బాగానే ఉన్న
మీ ఏడో తరగతి విద్యార్థిని