బావ రానంటున్నాడు

చెల్లె లచ్చవ్వకు సౌదీలోని హఫర్ అల్ బాతిన్ నుంచి అన్న మల్లేశం రాయునది. నేను తిని తిరుగుతున్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నా మనుమరాలికి పళ్ళు వచ్చాయా, లేక తాతలాగే బోసినోటితో అందరినీ కొరుకుతోందా?

ఫోనుండగా ఈ కాగితం ఏమిటని తిట్టకు. ఫోనులో మాట్లాడితే పక్క మంచం మీద నీ మొగుడు వింటాడు. అందుకే ఊరికొచ్చే మనిషి చేతికిచ్చాను. ఎవరితోనూ చదివించుకోకు, కూడబలుక్కుని నువ్వే చదువుకో.

బావ నీకు షుగరని చెప్పాడు. షుగరు కాదు. మూత్రపు సంచి కింద మగవాళ్ళకుండే గ్రంథికి క్యాన్సర్. ఎముకల్లోకి పోయింది. ఏడుపు తర్వాత, ముందు చదువు. మగవాళ్ళ ఒంట్లో ఊరే రసమే ఆ రోగానికి తిండి అట. అది ఊరకుండా మూడు నెలలకొక సూది వేస్తున్నారు. నయం కాదు గానీ కొంతకాలం అణిగి ఉంటుందని కేరళ నర్సు చెప్పింది.

ఇప్పుడా సూదికే గండం. సౌదీవాళ్ళను సరిపడా పెట్టుకోలేదని మా కంపెనీ నితాఖాత్ అనే సర్కారు లెక్కలో ఎరుపులో పడింది. బావ ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ముగియవస్తోంది, కొత్తది రాదు. అది లేకపోతే దవాఖాన కార్డు చెల్లదు. నేను పోయి మా యజమాని కఫీల్ ముందు కూర్చుంటే, బావ పేరున సర్కారుకు లెవీ కట్టడం కన్నా పంపడమే మేలనుకున్నాడేమో, దేశం దాటి పోయేందుకు ఎగ్జిట్ కొట్టించాడు, టికెట్టూ ఇస్తానన్నాడు. ఆ ఎగ్జిట్‌కు గడువుంది. దాటితే మళ్ళీ ఎప్పుడు వదులుతారో తెలియదు. నీ మొగుడు మాత్రం కదలనంటున్నాడు.

ఎందుకో చెప్తాను. అన్న రాయకూడని మాటే, రాస్తున్నాను. ఆ సూదికి బావ గడ్డం పలచబడింది, రొమ్ములు ఉబ్బాయి. మొగుడూ పెళ్ళాల సంగతి ఇక లేదు. మొన్న శుక్రవారం అందరం కూర్చుని అన్నం తింటున్నాం. చలికి మేమంతా కంబళ్ళు కప్పుకుంటే, బావకు ఒళ్ళంతా ఆవిర్లొచ్చి అంగీ విప్పేశాడు. ఒకడు కిసుక్కున నవ్వాడు. నేనూ అంగీ విప్పి పొట్ట ముందుకు పెట్టాను.

"ఇగో, నాకైతే ఏడో నెల. సీమంతం ఎవడు జేస్తడ్రా?"

అంతా నన్ను చూసి నవ్వారు, బావను వదిలేశారు. బావ మాత్రం చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. వెనకాలే పోయాను. నీళ్ళ ట్యాంకీ పక్కన చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"గిట్ల పోతే అది ఏమనుకుంటది బావా? మొగోన్ని పంపితే ఆడిదాని లెక్క అచ్చిండనుకోదా?"

"నువ్వు మొగోనివని మా చెల్లెకు ఎవలు జెప్పిన్రు? దాని ముంగట నీ నోరెప్పుడన్న లేసిందా?"

నవ్వాడు. నవ్వుతూనే మళ్ళీ ఏడ్చాడు. "నన్నిడిసిపెట్టు బావా, ఈడనే పోత" అన్నాడు.

చెల్లే, నా వేషాలు అంతవరకే పనిచేశాయి. ముట్లు ఆగినప్పుడు నీకొచ్చిన ఆవిర్లే ఇవి. ఊరికే ఏడుపు రావడం, ఊరికే కోపం రావడం, ఒళ్ళు తనది కాదనిపించడం, అన్నీ అవే. ఈ గదిలో అది పడ్డవాళ్ళు ఎవరూ లేరు. నీకు తెలుసు. ఈ కాగితం అందగానే ఫోన్ చెయ్యి. అన్న అన్నీ చెప్పాడను. నన్ను తిట్టుకోనీ. నీ ఒంటికి అప్పుడు ఏమేం అయిందో సిగ్గుపడకుండా చెప్పు, తర్వాత రమ్మను. నేను రమ్మంటే వినడు.

వచ్చాక బరువులు ఎత్తనివ్వకు, ఎముక పుటుక్కున విరుగుతుందట. సూది హైదరాబాదులోనూ దొరుకుతుంది, దవాఖాన కాగితాలు సంచిలో పెట్టిస్తాను. నీ అత్తమ్మకు నా దండాలు. కొడుకు సంగతి ఇప్పుడే చెప్పకు, బావను చల్లగా చూడమని మాత్రం దేవునికి మొక్కమను. పిల్లదానికి తాత ముద్దులు.

ఈ క్యాంపు నుంచి ఊరికి పెట్టెలు పోవడం చాలా చూశాను లచ్చవ్వా. బావ సీట్లో కూర్చుని రావాలి. తొందరగా ఫోన్ చెయ్యి.

నీ అన్న,
మల్లేశం