తెల్లగడ్డ మొక్కు

పుంగనూరు

చిరంజీవి మునీశ్వరిని మీ అమ్మ అమరావతి దీవించి రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం. పోయిన ఉత్తరంలో ఈ మాట అలవాటుకొద్దీ రాశాను, ఈసారి నిజంగానే రాస్తున్నాను. మీ నాయనకు కుప్పం ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. నిన్ననే ఇంటికి తీసుకొచ్చాము. నువ్వు అడగమన్న మాటే డాక్టరమ్మను అడిగాను. పెద్దపేగులో గడ్డ మొత్తం తీసేశారట, పక్కకు ఎక్కడా పాకలేదట. అది విని వరండాలోనే కూలబడి ఏడ్చాను. సంతోషానికే లేమ్మా.

అంత మొండికేసిన మనిషి ఎట్లా ఒప్పుకున్నాడని అడిగావు. అసలు ఆ మొండితనం తెచ్చిపెట్టింది నీ ఉత్తరమే. మీ ల్యాబులో గాజు పళ్ళెంలో పెంచే పెద్దపేగు కేన్సర్ కణాలకు వెల్లుల్లి నుంచి, అదే మన తెల్లగడ్డ నుంచి, తీసిన మందు వేస్తే, అవి రెండుగా చీలబోయి మధ్యలోనే ఆగిపోతున్నాయని రాశావు కదా. మదనపల్లె నుంచి తెల్లగడ్డ మూటలు తెచ్చి అమ్ముకునే మనిషికి ఇంకేం కావాలి!

"నా కూతురే కనుక్కోనుండాది. ఇంక కత్తి యాల? మందు నా అంగట్లోనే ఉండాది" అని పచ్చివే నమలడం మొదలుపెట్టాడు. అది పళ్ళెంలో మాట, మనిషి కడుపులో ఇంకా ఎవరూ తేల్చలేదు, ఆపరేషన్ మానొద్దు అని నువ్వు మళ్ళీ రాసినా చెవికెక్కించుకోలేదు. మదనపల్లె బస్సులో ఆయన పక్కన కూర్చున్నవాళ్ళు లేచి వేరే సీటుకు పోయేవాళ్ళు.

ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుందని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. చివరికి ఒకరోజు గట్టిగా చెప్పేశాను. "గంగమ్మకు మొక్కుకోనుండాను. ఆపరేషనై నువ్వు ఇంటికొచ్చేదాకా ఈ ఇంట్లో ఎవురూ తెల్లగడ్డ ముట్టకూడదు."

అమ్మవారి మాట దాటేంత ధైర్యం ఆయనకు యాడిది? తెల్లగడ్డ లేని చారుతో కొన్నాళ్ళు అలిగి అలిగి తిన్నాడు. ఆ తర్వాత ఒక పొద్దున తనే, "సరే పా, కుప్పానికి పోదాం" అన్నాడు.

నీ దగ్గర దాచలేను మునీశ్వరీ. నేను ఏ మొక్కూ మొక్కలేదు. ఆయన్ను కదిలించడానికి అమ్మవారి పేరు పెట్టి అబద్ధమాడాను. ఆయన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే, ఆ పాపం ఆయనకు తగులుతుందేమోనని తలుపు దగ్గరే లెంపలేసుకున్నాను. నిన్న ఇంటికి రాగానే ఆయనకే చెప్పేశాను.

కుట్లు లాగుతున్నా పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాకు అప్పుడే తెలుసులేమే. మొక్కుకున్నోళ్ళు పసుపుగుడ్డలో ముడుపు కట్టరా? నువ్వు యాడ కట్టినావు? నాకూ కత్తంటే భయమే. తెల్లగడ్డ పేరు సెప్పుకోని తప్పించుకుంటాంటిని. మొక్కని నువ్వంటే, సరే అనేదానికి నాకూ ఒక సాకు దొరికింది."

అని, గంగమ్మ పటం వెనక చూడమన్నాడు. అక్కడ పసుపుగుడ్డలో కట్టిన ముడుపు ఉంది.

"నీ మాట అబద్ధం కాగూడదని, కుప్పానికి పొయ్యేముందు నేనే కట్టినా" అన్నాడు.

ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఇంత ముద్దు ఎన్నడూ రాలేదు. జాతరకు నువ్వూ రా, ముగ్గురం పోయి ఆ ముడుపు చెల్లిద్దాం. డాక్టరమ్మ కారం వద్దంది, చారు పోయొచ్చంది. ఇందాకే తెల్లగడ్డ చితకొట్టి తిరగమోత వేశాను. ఆ వాసనకు మీ నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

ఇట్లు,
ఈ పూట కడుపునిండా తినబోయే
మీ అమ్మ